డ్రాఫ్టా, కాలేజీయా? ఫోన్ మోగకముందే తేల్చుకోవాల్సిన అంకె

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. బాబుకి 18 నిండాయి, కుడిచేతి పిచర్ (బంతి విసిరేవాడు), గంటకు 93, 94 మైళ్ల వేగంతో వేస్తున్నాడు, మంచి బేస్‌బాల్ టీమ్ ఉన్న పెద్ద యూనివర్సిటీలో ఆడతానని మాటిచ్చి కమిట్ అయ్యాడు. జూలైలో జరిగే డ్రాఫ్ట్‌లో, అంటే మేజర్ లీగ్ బేస్‌బాల్ టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, నాలుగో రౌండ్ దగ్గర ఎవరో ఒకరు పిలుస్తారని, సంతకం పెడితే 7 లక్షల డాలర్ల దాకా బోనస్ రావచ్చని మీ అడ్వైజర్ చెప్పాడు. మీ శ్రీమతి డిగ్రీ ముందు అంటున్నారు, బాబు ఇప్పుడే వెళ్లి ఆడతానంటున్నాడు, గుంటూరులో మీ నాన్నగారు "చదువు మధ్యలో ఆపేస్తారా ఎవరైనా" అని ఫోన్లో కోప్పడుతున్నారు, మీకు ఎటూ తేల్చుకోలేక నిద్ర పట్టడం లేదు. ఇదే కదా.

మాది తెనాలి. అట్లాంటా శివార్లలో 25 ఏళ్లుగా ఉంటున్నాం. మా పెద్దాడు క్యాచర్, అంటే పిచర్ వేసిన బంతిని అందుకునేవాడు. 2016లో మేమూ మీలాగే ఈ టెన్షన్ అంతా పడ్డాం. అప్పటి నుంచి ఇక్కడి ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే పిల్లల) టీముల్లో స్కోర్‌బుక్ రాస్తున్నాను, డ్రాఫ్ట్ వయసు పిల్లలున్న ఇళ్లవాళ్లు అడిగితే కూర్చుని లెక్కలు చూసి పెడుతున్నాను. నేను ఏజెంటునూ కాదు, లాయర్నీ కాదు. ఒక తండ్రిగా చేసిన తప్పు, తర్వాత పదేళ్లలో దగ్గర్నుంచి చూసినవి, రెండూ కలిపి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. ఇంట్లో మీరంతా కాలేజీయా, డ్రాఫ్టా అని వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎన్నాళ్లు చేసినా తేలదు, ఎందుకంటే ఎంత ఇస్తారో తెలియకుండా దానికి జవాబు లేదు. 50 లక్షల డాలర్లు ఇస్తామంటే మీ శ్రీమతి కూడా సరే అంటారు. 50 వేలు ఇస్తామంటే బాబు కూడా కాలేజీకే వెళతానంటాడు. ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో మీ ఇంటి అంకె ఉంది. దాన్ని డ్రాఫ్ట్‌కి కనీసం మూడు వారాల ముందు ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. మేము రాసుకోలేదు.

ఆ రోజు జరిగింది చెబుతాను. 2016 జూన్, డ్రాఫ్ట్ రెండో రోజు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆడియో వింటున్నాం. మా ఆవిడ పెసరట్లు వేస్తోంది, ఎవరికీ తినాలని లేకపోయినా ఖాళీగా కూర్చోలేక. ఆరో రౌండ్ నడుస్తుండగా ఆ ప్రాంతం చూసే స్కౌట్, అంటే టీమ్ తరఫున ఆటగాళ్లను వెతికేవాడు, ఫోన్ చేశాడు. "రెండున్నర లక్షలు. సంతకం పెడతాడా, పెట్టడా?" అంతే, హలో కూడా లేదు. మేము అంతకుముందు ఐదు లక్షలు అయితే బాగుంటుంది అనుకున్నాం, కానీ అనుకున్నాం అంతే, నాలుగైతే ఏం చేయాలి, మూడైతే ఏం చేయాలి అని ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను మా ఆవిడ వైపు చూశాను, ఆవిడ వాడి వైపు చూసింది, వాడు నా వైపు చూశాడు. "ఐదు నిమిషాలు టైమ్ ఇవ్వండి" అన్నాను. "ఐదు నిమిషాలు నా దగ్గర లేవు సార్" అని పెట్టేశాడు. రెండో రోజు ఒక పిక్‌కీ (ఎంపికకీ) ఇంకో పిక్‌కీ మధ్య నిమిషమే ఉంటుంది, ఆ సంగతి కూడా నాకు అప్పుడు తెలియదు. మేము ఇంకా నోరు తెరవకముందే ఆ టీమ్ వేరే పిల్లవాడి పేరు చదివింది. పెనం మీద అట్టు మాడి వాసన వస్తోంది, స్టవ్ కట్టాలని ఎవరికీ తోచలేదు.

వాడు కాలేజీకి వెళ్లినందుకు నేనెప్పుడూ బాధపడలేదు. కానీ మేము ఆలోచించి వద్దన్నది ఏమీ లేదు, నోరు పెగలక పోయింది. రెండేళ్ల తర్వాత భుజం సర్జరీ అయి మంచం మీద పడుకున్నప్పుడు "నాన్నా, ఆ రోజు మనం నో అన్నామా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీకు అలాంటి రోజు రాకూడదనే ఇదంతా రాయడం.

స్కౌట్ అంత తొందరపెట్టడానికి కారణం ఉంది, అది అర్థమైతే మీ పని సగం తేలికవుతుంది. డ్రాఫ్ట్‌లో 20 రౌండ్లు. 2019 వరకు 40 ఉండేవి, కోవిడ్ ఏడాది ఐదుకు కుదించారు, 2021 నుంచి 20. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కీ లీగ్ ఒక ధర కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. 2025లో మొదటి పిక్ స్లాట్ కోటీ 10 లక్షల డాలర్ల పైన ఉంది. నాలుగో రౌండ్‌కి వచ్చేసరికి 7 లక్షలకు అటూ ఇటూ ఉంటుంది, మీ అడ్వైజర్ చెప్పిన మాట అక్కడి నుంచే వచ్చింది. ఒక టీమ్‌కి ఉన్న స్లాట్లన్నీ కలిపితే వచ్చేదే దాని బోనస్ పూల్. ఆ పూల్‌ని ఐదు శాతం వరకు దాటితే జరిమానా పన్ను కట్టాలి. అంతకు మించితే తర్వాతి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ పోతుంది, అందుకే ఆ గీత ఎవరూ దాటరు. ఇక అసలు సంగతి: పది రౌండ్లలోపు తీసుకున్న పిల్లవాడు సంతకం పెట్టకపోతే ఆ పిక్ స్లాట్ డబ్బు పూల్‌లోంచే మాయమవుతుంది. మీవాడు సరేనని చెప్పి వెనక్కి తగ్గితే వాళ్లకు ఒక పిక్, 7 లక్షలు రెండూ పోతాయి. అందుకే ముందే "మీ నంబర్ ఎంత" అని గుచ్చి గుచ్చి అడుగుతారు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. టీములు ఎనిమిది, తొమ్మిది, పది రౌండ్లలో నాలుగో ఏడాది కాలేజీ పిల్లల్ని తీసుకుని పదేసి వేలకు సంతకం పెట్టించుకుంటాయి. ఆ పిల్లలకు వెనక్కి వెళ్లడానికి కాలేజీ లేదు కాబట్టి బేరం లేదు. అలా మిగిల్చిన డబ్బును హైస్కూల్ పిల్లవాడి మీద స్లాట్ కంటే ఎక్కువ పెడతాయి. పదో రౌండ్ తర్వాత అయితే లక్షన్నర డాలర్ల వరకు పూల్ లెక్కలోకి రాదు, ఆ పైన ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది. కాబట్టి నాలుగో రౌండ్ దాటిపోయింది, ఇక అయిపోయింది అని టీవీ కట్టేయకండి. పన్నెండో రౌండ్‌లో పిలిచి నాలుగో రౌండ్ డబ్బు ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. రౌండ్ నంబర్ బంధువులకు చెప్పుకోవడానికి, మీరు చూడాల్సింది డబ్బు.

ఇప్పుడు ఆ 7 లక్షలు చేతికి ఎంత వస్తాయో చూద్దాం. ఏజెంట్‌కి ఐదు శాతం దాకా పోతుంది. బోనస్ అంతా జీతం కిందే లెక్క కాబట్టి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉంటాయి. ఆపైన ఫెడరల్ ట్యాక్స్. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోవడం మీ అదృష్టం, జార్జియాలో మాకు అదీ ఉంది. మామూలుగా బోనస్‌ని రెండు విడతలుగా ఇస్తారు, ఒకటి ఈ ఏడాది, ఒకటి వచ్చే ఏడాది, దానివల్ల పన్ను కొంత తగ్గుతుంది. అన్నీ పోను నాలుగున్నర లక్షల దగ్గర మిగులుతుంది. ఇంటి పక్కవాళ్లు ఏడు లక్షలనే అనుకుంటారు, అనుకోనివ్వండి. మీ కాగితం మీద మాత్రం నాలుగున్నరే రాయండి.

ఆ డబ్బు ఎన్నాళ్లు నడవాలో కూడా లెక్కేయండి. 2019లో మూడో ఏడాది తర్వాత మావాడు ఇరవై దాటిన రౌండ్‌లో ఎంపికై సంతకం పెట్టాడు, పెద్ద మొత్తమేం కాదు. అప్పట్లో కింది స్థాయి లీగులో వారానికి 290 డాలర్లు, అదీ సీజన్ నడిచిన వారాల్లోనే. నేను చూడటానికి వెళ్తే రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు పిల్లలు, ముగ్గురికి గాలి పరుపులు, ఫ్రిజ్ తెరిస్తే గుడ్ల అట్టలు, హాట్ సాస్, ఎవరో పేరు రాసి పెట్టుకున్న పాల డబ్బా. మా ఆవిడ పంపిన ఆవకాయ సీసా వాడు మంచం కింద దాచుకున్నాడు. ఇప్పుడు అంత ఘోరంగా లేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. 2022 నుంచి టీములే బస ఇస్తున్నాయి. 2023లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్ టీముల కింద నడిచే స్థాయిల) ఆటగాళ్లకు మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చింది, దాంతో కనీస జీతం ఏడాదికి కింది మెట్లలో ఒకటైన లో-ఏలో 26,200 డాలర్లకు, పై మెట్టు ట్రిపుల్-ఏలో 35,800కు పెరిగింది. బతకొచ్చు. మిగల్చడం కష్టం.

కానీ అదే సమయంలో సీట్లు తగ్గాయి. 2021లో మైనర్ లీగ్ టీములు 160 నుంచి 120కి కుదించారు. ఒక్కో సంస్థ అమెరికాలో ఉంచుకోగల మైనర్ లీగ్ ఆటగాళ్ల సంఖ్య కూడా 180 నుంచి 165కి తగ్గింది. పైన మేజర్ లీగ్‌లో ఉన్నవి 30 టీములు, ఒక్కో దాంట్లో 26 మంది, మొత్తం 780 సీట్లు. ప్రతి ఏడాది డ్రాఫ్ట్‌లోనే 600 మందికి పైగా ఎంపికవుతున్నారు, డొమినికన్ రిపబ్లిక్, వెనెజువేలా నుంచి 16, 17 ఏళ్లకే సంతకం పెట్టి వచ్చేవాళ్లు వేరే. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ పాతవాళ్లలో కొందరు ఇంటికి వెళ్లాల్సిందే. మావాడికి 2022 వసంతంలో ప్రాక్టీస్‌కి ముందు ఆఫీసులోకి పిలిచి పది నిమిషాల్లో చెప్పేశారు. వాడు కారులో కూర్చుని ఫోన్ చేసినప్పుడు వెనకాల బంతుల శబ్దం ఇంకా వినపడుతోంది.

ఇది చదివి మీ శ్రీమతి "చూశారా, కాలేజీయే నయం" అంటారేమో. ఆగమనండి. కాలేజీ మన రోజుల్లో అనుకున్నంత భద్రంగా లేదు. 2025 జూలై ముందు వరకు డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) బేస్‌బాల్ టీమ్‌కి మొత్తం 11.7 స్కాలర్‌షిప్పులు, వాటిని చాలామందికి ముక్కలుగా పంచేవాళ్లు, అందుకే మంచి ఆటగాళ్లు కూడా సగం ఫీజు సొంతంగా కట్టుకునేవాళ్లు. కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత అందులో చేరిన స్కూళ్లకు ఆ పరిమితి పోయింది, బదులుగా టీమ్‌లో 34 మందే ఉండాలి అని వచ్చింది. డబ్బున్న స్కూల్ 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. కానీ 34 అంటే చాలా తక్కువ. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి 22 ఏళ్లవాడు, ఇంకో కాలేజీలో మూడేళ్లు ఆడి కండలు తిరిగినవాడు వస్తానంటే కోచ్ మీవాడిని బెంచ్ మీద కూర్చోబెట్టి అతన్ని తెచ్చుకుంటాడు. కోచ్‌ని తప్పుపట్టలేం, గెలవకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. ఇది నేను ఈ మూడేళ్లలో మా టీమ్ పిల్లల విషయంలోనే రెండుసార్లు చూశాను, కమిట్ అయి సంబరాలు చేసుకున్న పిల్లలు మొదటి ఏడాది తిరగకుండానే వేరే కాలేజీ వెతుక్కున్నారు.

కాబట్టి కాలేజీ కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి. స్కాలర్‌షిప్ ఎంత శాతం, ఎన్నేళ్లకు, కాగితం మీద ఉందా? మా బాబు వస్తే మొదటి ఏడాది ఎన్ని ఇన్నింగ్స్ వేస్తాడనుకుంటున్నారు? పోర్టల్ నుంచి పిచర్లను ఎంతమందిని తెస్తున్నారు? మనవాళ్లం గురువుగారు అనుకుని కోచ్‌ల ముందు నోరు విప్పం, అక్కడే దెబ్బతింటాం. మీరు స్కాలర్‌షిప్ ఎంతో రాయలేదు. పూర్తిగా ఇస్తున్నారా, పావు వంతు ఇస్తున్నారా అన్నదాన్ని బట్టే మీ అంకె లక్షా లక్షన్నర మారిపోతుంది.

పెద్ద పేర్ల సంగతి కొంచెం. ఇళ్లలో ఎవరికి కావాల్సిన ఉదాహరణ వాళ్లు పట్టుకుంటారు. కాలేజీ అన్నవాళ్లు గెరిట్ కోల్‌ని పట్టుకుంటారు: 2008లో హైస్కూల్ నుంచి యాంకీస్ 28వ పిక్‌తో ఎంచుకుంటే కాదని యూసీఎల్‌ఏకి వెళ్లాడు, 2011లో మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా పైరేట్స్‌కి వెళ్లి 80 లక్షల డాలర్లు తీసుకున్నాడు, 2019 చివర్లో అదే యాంకీస్ అతనితో తొమ్మిదేళ్లకు 32 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. డ్రాఫ్ట్ అన్నవాళ్లు మీ ఊరి పక్క కుర్రాడినే చూపిస్తారు, క్లేటన్ కెర్షా. డాలస్ హైలాండ్ పార్క్ హైస్కూల్, టెక్సాస్ ఎ అండ్ ఎంకి కమిట్ అయ్యాడు, 2006లో డాడ్జర్స్ ఏడో పిక్‌తో తీసుకుంటే 23 లక్షలకు సంతకం పెట్టి 20 ఏళ్లకే మేజర్స్‌లో బంతి వేశాడు. రెండూ నిజాలే, రెండూ మీకు పనికిరావు, ఎందుకంటే వాళ్లిద్దరూ ఫస్ట్ రౌండ్ పిల్లలు.

పిచర్ తండ్రిగా మీరు చదవాల్సిన కథలు వేరే రెండున్నాయి. ఒకటి బ్రేడీ ఏకెన్. 2014లో ఆస్ట్రోస్ అతన్ని మొదటి పిక్‌గా తీసుకుని 65 లక్షలకు మాట అనుకున్నారు. మెడికల్‌లో మోచేయి లిగమెంట్ చూసి ఆఫర్ తగ్గించారు, సంతకం కాలేదు. మరుసటి ఏడాది వసంతంలో టామీ జాన్ సర్జరీ, అంటే మోచేయి లిగమెంట్ మార్చే ఆపరేషన్. 2015లో క్లీవ్‌లాండ్ 17వ పిక్‌తో తీసుకుంది, 25 లక్షల దగ్గర తీసుకున్నాడు, మేజర్స్ దాకా చేరలేదు. రెండోది కుమార్ రాకర్, తల్లి వైపు భారతీయ మూలాలున్న కుర్రాడు. 2018లో హైస్కూల్ నుంచి 38వ రౌండ్‌లో రాకీస్ పేరు చదివినా వాండర్‌బిల్ట్‌కి వెళ్లాడు, 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో నో-హిట్టర్ వేశాడు (అవతలి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు), ఆ ఏడాది కాలేజీ వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2021లో మెట్స్ పదో పిక్‌తో 60 లక్షలు అని, మెడికల్ చూసి ఆఫర్ వెనక్కి తీసుకుంది. ఏడాది తర్వాత రేంజర్స్ మూడో పిక్‌తో 52 లక్షలిచ్చింది. ఆపైన మోచేయి సర్జరీ, 2024 సెప్టెంబర్‌లో మేజర్స్‌లో మొదటి మ్యాచ్. ఇద్దరి విషయంలోనూ ఎంఆర్ఐ ఫిల్మే అంతా తేల్చింది. 2022లో లీగ్, ఆటగాళ్ల యూనియన్ చేసుకున్న ఒప్పందం నుంచి, కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు లీగ్ జరిపే పరీక్షల శిబిరంలో) ముందుగా మెడికల్ చేయించుకున్న పిల్లవాడికి టీమ్ స్లాట్‌లో 75 శాతమైనా హామీ ఇవ్వాలన్న నియమం వచ్చింది. మీవాడికి కంబైన్ పిలుపు వస్తే ఆ మెడికల్ విషయం అడ్వైజర్‌తో కచ్చితంగా మాట్లాడండి. మోచేయి, భుజం ఎలా ఉన్నాయో టీమ్ డాక్టర్ కంటే ముందు మీకు తెలియాలి.

మన ఇళ్లలో ఈ మధ్య అందరూ చెప్పుకునే పేరు అర్జున్ నిమ్మల. తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్లినవాళ్లు, ఫ్లోరిడాలో స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్, షార్ట్‌స్టాప్. ఫ్లోరిడా స్టేట్‌కి కమిట్ అయ్యాడు, 2023లో బ్లూ జేస్ 20వ పిక్‌తో తీసుకుంటే 30 లక్షల డాలర్లకు సంతకం పెట్టాడు, అప్పటికి 17 ఏళ్లే. ఆ వార్త వచ్చిన రోజు మా ఇంట్లో మా ఆవిడ పాయసం చేసింది, ముక్కూ మొహం తెలియని పిల్లవాడి కోసం. కానీ నేను మీకు చూపించాలనుకున్నది ఆ తర్వాతి ఏడాది. 2024లో బ్లూ జేస్ కింది స్థాయి టీమ్ డనీడిన్‌లో సీజన్ మొదట్లో బంతి సరిగ్గా తగల్లేదు. టీమ్ అతన్ని మ్యాచ్‌ల నుంచి తప్పించి, కొన్నాళ్లు పక్కన పెట్టి బ్యాటింగ్ సరిచేసి మళ్లీ పంపింది. తిరిగొచ్చి బాగా కొట్టాడు, 2025లో వాంకూవర్‌కి, ఒక మెట్టు పైకి వెళ్లాడు. ఆ ఓపికే 30 లక్షలకు వచ్చింది. అంత డబ్బు పెట్టిన పిల్లవాడిని టీమ్ అంత తేలిగ్గా వదులుకోదు, ఇంకో కోచ్‌ని పెడుతుంది, ఇంకో సీజన్ ఇస్తుంది. అదే ఇబ్బంది లక్ష డాలర్ల పిల్లవాడికి వస్తే రెండో సీజన్ చివర్లో ఆఫీసులోకి పిలుస్తారు. బోనస్ అంటే బ్యాంకులో పడే సొమ్మొక్కటే అనుకోకండి, మీవాడికి ఎన్నిసార్లు తప్పు చేసే అవకాశం ఇస్తారో కూడా దాంట్లోనే ఉంది. 7 లక్షలు ఆ లెక్కలో మధ్యస్థం. రెండు మూడు సీజన్ల ఓపిక ఉంటుంది, నాలుగోది చెప్పలేం.

మీ నాన్నగారికి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సంతకం పెట్టినంత మాత్రాన చదువు ఆగిపోయినట్టు కాదు. కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్ అని ఉంది, కాంట్రాక్టులోనే రాయించుకోవాలి: ఎన్ని సెమిస్టర్లు, సెమిస్టర్‌కి ఎన్ని డాలర్లు. ఆట మానేసిన రెండేళ్లలోపు కాలేజీలో చేరితే టీమ్ ఆ డబ్బు కడుతుంది. హైస్కూల్ పిల్లవాడికి ఎనిమిది సెమిస్టర్లు, తను కమిట్ అయిన కాలేజీ ఖర్చుకు తగ్గకుండా అడగండి. అది ఆదాయం కింద పన్నుకు వస్తుంది కాబట్టి ఆ మేరకు పెంచి అడగండి. మావాడికి మిగిలింది ఏడాది చదువే, అది ఈ ప్రోగ్రామ్ మీదే పూర్తి చేశాడు. కాకపోతే 24 ఏళ్లకు 19 ఏళ్ల పిల్లల పక్కన క్లాసులో కూర్చోవడం వాడికి మొదట్లో చాలా కష్టమైంది, రెండుసార్లు మానేస్తానన్నాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. డబ్బు రాయించుకోవడం ఒక ఎత్తు, వెనక్కి వెళ్లి కూర్చోవడం ఒక ఎత్తు.

మరో చిన్న లెక్క, ఎవరూ చెప్పరు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హత మూడో ఏడాది తర్వాత, లేదా 21 ఏళ్లు నిండితే. ఆ 21 డ్రాఫ్ట్ అయిన కొన్ని వారాల్లోపు నిండినా చాలు. మీవాడి పుట్టినరోజు చూడండి. హైస్కూల్ పూర్తయ్యే వేసవిలో 19కి దగ్గరగా ఉంటే రెండో ఏడాదికే అర్హత వస్తుంది, అప్పుడు కాలేజీకి విలువ పెరుగుతుంది, ఎందుకంటే రెండో ఏడాది బేరం కుదరకపోతే మూడో ఏడాది ఉంది. జాక్ లైటర్ అలా రెండో ఏడాదికే వాండర్‌బిల్ట్ నుంచి 2021లో రెండో పిక్‌గా వెళ్లాడు. జూనియర్ కాలేజీ అయితే ఏ ఏడాదైనా అర్హతే. మనవాళ్లకు ఆ పేరు వింటేనే చిన్నతనం, కానీ బేస్‌బాల్‌లో అది మంచి దారే.

ఎదురు వైపు వాదన కూడా చెప్పాలి కదా. 18కే వెళ్లి 22కి మేజర్స్ చేరితే, ఆరేళ్ల సర్వీస్ తర్వాత 28 ఏళ్లకు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, అంటే ఏ టీమ్‌తోనైనా బేరమాడుకోవచ్చు. 21కి వెళ్లినవాడికి ఆ అవకాశం 30 దాటాక వస్తుంది. నిజంగా పైకి వెళ్లే సత్తా ఉన్నవాడికి ఆ మూడేళ్లు చాలా ఖరీదైనవి. పిచర్ మోచేయికి గ్యారంటీ లేదన్నది కూడా నిజమే, కాలేజీలో చెయ్యి పోతే 7 లక్షలూ పోతాయి.

వీసా మీద ఒక మాట, బాబు ఇక్కడే పుట్టాడు అనుకుని రాశాను. అలా కాక హెచ్-4 (మీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉంటే కథ మొత్తం మారుతుంది. ఇక్కడి హైస్కూల్లో చదివితే డ్రాఫ్ట్‌కి అర్హత ఉంటుంది, కానీ జీతం తీసుకుని ఆడాలంటే టీమ్ క్రీడాకారుల పి-1 వీసా వేయాలి. కాలేజీకి వెళ్లి విద్యార్థి వీసా ఎఫ్-1కి మారితే ఎన్‌ఐఎల్ డబ్బు (ఆటగాడి పేరు, ముఖం వాడుకున్నందుకు వచ్చేది) తీసుకోవడం స్టేటస్‌కే ముప్పు. ఈ విషయంలో బేస్‌బాల్ అడ్వైజర్ మాట వినకండి, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లండి.

ఇక బాబు సంగతి. ఇన్ని లెక్కల తర్వాత కూడా సగం నిర్ణయం వాడి స్వభావం మీదే ఉంది. హైస్కూల్లో ఈ స్థాయికి వచ్చిన పిల్లలు దాదాపు ఎప్పుడూ ఓడిపోయి ఉండరు. మొదటిసారి గట్టిగా దెబ్బతినేది 19 ఏళ్లకు, ఎక్కడో చిన్న ఊరి హోటల్ గదిలో, రాత్రి 11 గంటలకు. అప్పుడు పక్కన అమ్మ ఉండదు, క్లాస్‌మేట్లు ఉండరు, పొద్దున్నే వెళ్లాల్సిన ఇంకో క్లాసు కూడా ఉండదు. పోయిన వేసవిలో ఏదో మ్యాచ్‌లో ఆరు రన్లు ఇచ్చే ఉంటాడు కదా, ఆ రాత్రి ఏం చేశాడు? తలుపేసుకున్నాడా, వీడియో చూసుకున్నాడా, తమ్ముడి మీద అరిచాడా? మర్నాడు ఎన్నింటికి లేచాడు? అన్నం వండుకోగలడా, బట్టలు ఉతుక్కోగలడా, ఆట లేని మధ్యాహ్నం ఫోన్ పక్కన పెట్టి ఏం చేస్తాడు? ఇవి మీ ఇద్దరికీ తెలుసు, స్కౌట్‌కి తెలియవు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు రాసిన వివరాలను బట్టి నేనైతే నా కాగితం మీద 10 లక్షలు రాస్తాను, ఎనిమిది సెమిస్టర్ల చదువు డబ్బు దానికి అదనంగా. పన్నులూ ఫీజులూ పోను ఆరు లక్షలు దాటి మిగిలితే, మైనర్స్‌లో ఏడాదికి పదిహేను, ఇరవై వేలు వేసుకుంటూ ఐదారేళ్లు నడిచినా, ఆట కుదరక 24 ఏళ్లకు ఇంటికొచ్చినా, చేతిలో మొదలుపెట్టడానికి ఏదో ఉంటుంది. 7 లక్షలకు నేను కాలేజీకే మొగ్గుతాను. కాలేజీవాళ్లు పావు వంతు స్కాలర్‌షిప్ ఇచ్చి మిగతాది మీరే కట్టుకోమంటే మాత్రం 8కి దిగుతాను. మీ ఇంటి పరిస్థితి, అప్పులు, రెండోవాడి చదువు అన్నీ నాకు తెలియవు, కాబట్టి మీ అంకె వేరే రావచ్చు.

ఆ అంకె ఎంతైనా, చివరి మాట బాబుతో అనిపించండి. నంబర్ లెక్కగట్టడం మీ పని, దాని పక్కన వాడి చేత్తో వాడు సంతకం చేయాలి. అడ్వైజర్‌కి ఒకే నంబర్ చెప్పండి, స్కౌట్‌లకు అదే నంబర్ చెప్పమనండి, ఒకరికి ఏడు, ఇంకొకరికి పది అంటే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. డ్రాఫ్ట్ రోజు ఫోన్ బాబు చేతిలోనే ఉండనివ్వండి. అవతలివాడు మీ అంకె కంటే 50 వేలు తక్కువ చెప్పి ఒక్క నిమిషం ఇస్తాడు, అది వాళ్ల పని. ఆ కాగితం మీద ఎంత ఉంటే అంతే చెప్పాలి. బంధువుల్ని ఆ రోజు ఇంటికి పిలవకండి, అన్నం ముందే తినేయండి. సంతకం చేయడానికి జూలై చివరి దాకా గడువు ఉంటుంది కాబట్టి కాంట్రాక్ట్ చేతికొచ్చాక చదవడానికి టైమ్ దొరుకుతుంది. అందులో చదువు డబ్బు ఉన్న పేజీ, బోనస్ విడతల తేదీలు ఉన్న పేజీ అర్థం కాకపోతే ఆ రెండు పేరాలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.